క్రిస్మస్‌కు ముందు ఏడవడానికో ఆరాధన: ‘లాంగెస్ట్ నైట్’ సర్వీసుపై ఒక సమీక్ష

ఇంట్లో మనిషి పోయిన ఏడాది వచ్చే క్రిస్మస్ మన క్రైస్తవ కుటుంబాలకు చాలా బరువు. గుమ్మానికి స్టార్ కట్టాలా వద్దా, పిల్లలకైనా కొత్త బట్టలు కొనాలా, క్యారల్స్ బృందం రాత్రి పదింటికి గేటు దగ్గరికొస్తే ఏం చెప్పాలి అన్నవి ఆ ఇంట్లో ఎవరూ పైకి అడగలేని ప్రశ్నలు. “ఈ ఏడు మాకు పండుగ లేదండి” అనేసి తలుపు వేసుకోవడమే మనకు అలవాటైన దారి. అమెరికా, కెనడా, బ్రిటన్‌లలో చాలా చర్చిలు సరిగ్గా ఈ ఇళ్లవాళ్ల కోసమే డిసెంబరు 21కి అటూఇటూగా ఒక సాయంత్రం ఆరాధన జరుపుతాయి. దాన్ని ‘లాంగెస్ట్ నైట్ సర్వీస్’ అంటారు, కొన్నిచోట్ల ‘బ్లూ క్రిస్మస్’ అంటారు. చర్చి బయట బోర్డు చూసి, అదేమిటో తెలియక దాటిపోయే తెలుగువాళ్ల కోసం, ఊళ్లో తమ సంఘంలో ఇలాంటిది పెట్టాలనుకునే పాస్టరుగారి కోసం ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందే తేల్చి చెబుతాను. బాగా నడిపిన లాంగెస్ట్ నైట్ ఆరాధన ఇచ్చే ఓదార్పు డిసెంబరులో చర్చి జరిపే మరే కార్యక్రమంలోనూ దొరకదు. నడపడం చేతకానివాళ్ల చేతిలో పడితే మాత్రం గాయాన్ని కెలికి వదిలేస్తుంది. ఆ తేడా పాటల్లో, అలంకరణలో రాదు. దుఃఖాన్ని దుఃఖంగా ఉండనిచ్చారా, లేక పది నిమిషాల్లో సంతోషంలోకి తోసేశారా అన్నదగ్గరే వస్తుంది.

ముందు ఎక్కడ, ఎప్పుడు, ఎంత అన్న సంగతులు. యునైటెడ్ మెథడిస్ట్, ఎపిస్కోపల్, ప్రెస్బిటేరియన్, లూథరన్ సంఘాల్లోనూ, కెనడాలో యునైటెడ్ చర్చ్‌లోనూ, ఇంగ్లండ్‌లో ఆంగ్లికన్ పారిష్‌లలోనూ ఇది ఎక్కువగా కనబడుతుంది. కథోలికులు చనిపోయినవారి జ్ఞాపకార్థ పూజలను ఎక్కువగా నవంబరులోనే, సకల ఆత్మల దినమైన 2వ తేదీని ఆనుకుని పెట్టుకుంటారు కాబట్టి వాళ్ల దగ్గర ఇదే పేరుతో వెతికితే దొరక్కపోవచ్చు. సాధారణంగా సాయంత్రం ఆరున్నర, ఏడింటికి మొదలై నలభై అయిదు నిమిషాల నుంచి గంటలోపు అయిపోతుంది. డబ్బు కట్టక్కర్లేదు, పేరు నమోదు అక్కర్లేదు. చాలాచోట్ల కానుకల పళ్లెం కూడా తిప్పరు. ఆ సంఘ సభ్యులు కానవసరం లేదు, అసలు క్రైస్తవులే కానవసరం లేదు. డిసెంబరు మొదటి వారం నుంచే చర్చి వెబ్‌సైట్లో ప్రకటన ఉంటుంది. మీ ఊరి పేరుతో పాటు ‘లాంగెస్ట్ నైట్’, ‘బ్లూ క్రిస్మస్’, ‘సర్వీస్ ఆఫ్ రిమెంబరెన్స్’ అన్న మూడు పేర్లతోనూ వెతకండి, ఒకే ఆరాధన ఒక్కో చర్చిలో ఒక్కో పేరుతో ఉంటుంది.

డిసెంబరు 21కి కారణం ఉత్తరార్ధగోళంలో అది ఏడాదిలోకెల్లా పొడవైన రాత్రి కావడం. హైదరాబాదులో ఆ రోజు కూడా పగలు పదకొండు గంటలుంటుంది, మనకు పెద్దగా తెలియదు. లండన్‌లో పగలు ఎనిమిది గంటలైనా ఉండదు, సాయంత్రం నాలుగు కాకముందే పొద్దు గుంకుతుంది. అక్కడ కొత్తగా వచ్చి ఒంటరిగా ఉండే మనిషికి ఆ చీకటే సగం దిగులు. మరో సంగతి ఉంది. పాత పాశ్చాత్య సంఘ క్యాలెండరులో డిసెంబరు 21 అపొస్తలుడైన తోమా పండుగ. కథోలికులు 1969లో దాన్ని జూలై 3కి మార్చుకున్నారు, అమెరికాలోని ఎపిస్కోపల్ చర్చి ఇప్పటికీ 21నే ఆచరిస్తుంది. మేకుల గురుతులో వేలు పెట్టి చూస్తేనే గాని నమ్మనని తేల్చి చెప్పిన శిష్యుడి దినం, నమ్మకం ఆరిపోయినట్టున్నవాళ్ల ఆరాధన ఒకే రోజున పడటం నాకు ఎంతో నచ్చిన విషయం. తోమా పేరుతో ముడిపడ్డ చెన్నైలోని మైలాపూరు, సెయింట్ థామస్ మౌంట్ తెలిసిన దక్షిణాది క్రైస్తవులకు తోమా పరాయివాడు కూడా కాదు.

ఇక లోపల జరిగేది. దీపాలు సగానికి తగ్గించి ఉంటాయి. క్రిస్మస్ చెట్టు ఉంటే దాని లైట్లు ఆర్పేసి ఉంటాయి. క్వయిరు ఊరేగింపు ఉండదు. పియానోనో, ఒక గిటారో, ఒక్కోసారి ఒక్క చెల్లో. పాస్టరు రెండు మాటల్లో స్వాగతం చెప్పి, “ఇక్కడ ఏడవచ్చు, లేచి బయటికి వెళ్లచ్చు, పాడకపోయినా పరవాలేదు” అని చెప్పాలి. ఈ ఒక్క వాక్యం చెప్పారా లేదా అన్నదాన్ని బట్టే మిగతా గంట ఎలా సాగుతుందో తెలిసిపోతుంది. తర్వాత ఒక కీర్తన చదువుతారు, ఒక పాట, ప్రవక్తల నుంచి ఒక భాగం, మౌనం, కొవ్వొత్తుల క్రమం, సువార్త, అయిదారు నిమిషాల ప్రసంగం, పేర్ల ప్రార్థన, ఆశీర్వాదం. కొన్ని చర్చిలు ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే సంస్కారం) కూడా ఇస్తాయి, కొన్ని నూనెతో అభిషేకించి వ్యక్తిగతంగా ప్రార్థిస్తాయి.

ఆరాధనకు నడుము నాలుగు కొవ్వొత్తుల క్రమం. ఆగమన కాలపు (క్రిస్మస్‌కు ముందు నాలుగు వారాల) వలయంలోని నాలుగింటినే వాడతారు, అర్థాలు మాత్రం మారతాయి. మొదటిది పోయినవాళ్ల కోసం. రెండోది పోవడం వల్ల కలిగిన నొప్పి కోసం, ఇందులోకి మరణం కాని నష్టాలు కూడా వస్తాయి: విడాకులు, గర్భస్రావం, పోయిన ఉద్యోగం, మాటలు ఆగిపోయిన తోబుట్టువులు. మూడోది ఇక్కడ కూర్చున్న మన కోసం, మన అలసట, కోపం, దేవునితో పెట్టుకున్న పేచీ కోసం. నాలుగోది నిరీక్షణ కోసం. ఒక్కోదానికి మధ్య చిన్న ప్రార్థన, ఒక చరణం, కాసేపు నిశ్శబ్దం. కొన్నిచోట్ల అయిదోదాన్ని, క్రీస్తు కొవ్వొత్తిని, వెలిగించకుండా ఉంచి 24వ తేదీ రాత్రికి వదిలేస్తారు. వెలిగించకుండా వదిలేయడమే మంచిదని నా అభిప్రాయం. వచ్చినవాళ్లకు ఇంకా క్రిస్మస్ రాలేదు, రాకముందే వచ్చిందని చెప్పనక్కర్లేదు.

వాక్య భాగాల ఎంపికలోనే ఈ ఆరాధన అసలు బలం ఉంది. కీర్తనల గ్రంథంలోని 150లో దాదాపు మూడో వంతు మొరలూ విలాపాలే. మన సంఘాల్లో ఆదివారాలు వినిపించేవి 23, 91, 121, 103. పదమూడో కీర్తన పుల్పిట్ మీద నుంచి వినడం తక్కువ. “యెహోవా, ఎన్నాళ్లవరకు” అంటూ మొదలై, ఆరు వచనాల్లో నాలుగు ఫిర్యాదుకే ఇచ్చి, అయిదులో నమ్మికవైపు తిరుగుతుంది. చదవడానికి నిమిషం పట్టదు, అందుకే మొదటి పాఠంగా సరిగ్గా సరిపోతుంది. 130వ కీర్తన “అగాధస్థలములలోనుండి” మొరపెడుతుంది, కావలివాళ్లు తెల్లవారడం కోసం ఎదురుచూసినట్టు ప్రభువు కోసం కనిపెడుతుంది. రాత్రిపూట చదివితే ఆ వచనాలు ఇంకా లోతుగా తాకుతాయి. ధైర్యమున్న పాస్టర్లు 88వది చదువుతారు. ఆ కీర్తన చివరికి కూడా వెలుగులోకి రాదు, చీకటి అన్న మాట దగ్గరే ఆగిపోతుంది. ఆ పద్దెనిమిది వచనాలను ఎవరూ పరిశుద్ధ గ్రంథంలోంచి తీసేయలేదు. “ఇలా కూడా దేవునితో మాట్లాడచ్చు” అని దుఃఖంలో ఉన్నవాడికి చెప్పడానికి దానికన్నా గట్టి సాక్ష్యం లేదు.

సువార్త దగ్గరికి వస్తే, క్రిస్మస్ కథలోనే దుఃఖానికి చోటుందని ఈ ఆరాధన గుర్తుచేస్తుంది. మన నాటికల్లో గొర్రెల కాపరులు, జ్ఞానులు, తొట్టె వరకూ వచ్చి తెర పడుతుంది. మత్తయి రెండో అధ్యాయంలో హేరోదు బేత్లెహేము పసిపిల్లలను చంపించిన చోట రాహేలు తన పిల్లల కోసం ఏడుస్తూ “ఓదార్పు పొందనొల్లక” ఉంది. ఆ తల్లిని అక్కడ ఎవరూ మందలించరు. లూకా రెండో అధ్యాయంలో దేవాలయంలో శిశువును చూసింది అన్న అనే ముసలి విధవరాలు. పెళ్లయిన ఏడేళ్లకే భర్తను పోగొట్టుకుంది. ఆమెకు ముందే సుమెయోను ఆ శిశువు తల్లితో, నీ హృదయంలోకి ఖడ్గం దూసుకుపోతుందని చెప్పాడు. కొడుకు పోయిన తల్లి ఈ భాగాన్ని వింటున్నప్పుడు మరియ ఆమెకు స్టార్ కింద నీలి ముసుగు వేసుకున్న బొమ్మగా కాక, మరో తల్లిగా కనిపిస్తుంది. నేను చూసిన ఆరాధన క్రమాల్లో బలమైనవన్నీ రాహేలునో, అన్ననో, సుమెయోనునో తప్పకుండా చదివినవే. వాటికి బదులు యెషయా 9లో “చీకటిలో నడుచు జనులు” భాగం ఒక్కదానితో సరిపెట్టినవి కొంచెం పలచగా అనిపిస్తాయి. అది గొప్ప వాక్యమే, కాని 25వ తేదీ ఉదయం ఎలాగూ వింటాం. ముగింపుకు ఎక్కువమంది వాడేది యోహాను మొదటి అధ్యాయం అయిదో వచనం, లేదా “ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా” అన్న మత్తయి 11:28. రెండూ సరైన ఎంపికలే, రెండూ ఎవరినీ నవ్వమని అడగవు.

మౌనం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, చాలాచోట్ల తప్పేది ఇక్కడే. రెండు మూడు నిమిషాల పూర్తి నిశ్శబ్దం ఉండాలి. ఎంతసేపో ముందే చెప్పాలి. చెప్పకపోతే ముప్పై సెకన్లకే జనం తలలెత్తి ‘ఏదైనా మర్చిపోయారా’ అని చూడటం మొదలెడతారు. వెనక కీబోర్డు మెత్తగా వాయించకూడదు. మన ఏడుపును ఆ సంగీతమే నడిపిస్తుంది, ఎప్పుడు ఏడవాలో, ఎప్పుడు ఆపాలో చెబుతుంది. మన తెలుగు సంఘాలకు నిశ్శబ్దమంటే భయం, ప్రార్థన మధ్యలో కాస్త ఖాళీ దొరికితే ఎవరో ఒకరు స్తుతి మొదలుపెడతారు. యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఒక్క మాట లేకుండా అతని పక్కన నేలమీద కూర్చున్నారు. వాళ్లు నోరు తెరిచి వివరణలు మొదలుపెట్టాకే తప్పు చేశారు.

పాటల్లో తప్పులు వేరే రకం. గొంతు పూడుకుపోయినవాళ్లు పై స్వరాలు అందుకోలేరు. మామూలు శ్రుతికన్నా రెండు మెట్లు తగ్గించి పాడించాలి, మూడు పాటలకు మించకూడదు, అందులో ఒకటి క్వయిరో ఒక్క గొంతో పాడితే మిగతావాళ్లు విని ఊరుకోవచ్చు. చివరి పాటగా కేరింతల క్యారల్ పెట్టే చర్చిలున్నాయి. అంతవరకు కట్టుకున్నదంతా ఆ నాలుగు నిమిషాల్లో కూలిపోతుంది.

ప్రసంగంలో తగిలే దెబ్బ మరీ పెద్దది. “దేవుని చిత్తం”, “ఆయన మంచివాళ్లనే ముందు పిలుచుకుంటాడు”, “ఏడిస్తే విశ్వాసం లేనట్టే” వంటి మాటలు ఏ భాషలో చెప్పినా ఆ రాత్రికి తగవు. నిరీక్షణలేనివారివలె దుఃఖపడవద్దని పౌలు థెస్సలొనీకయులకు రాసింది చాలామంది సగమే చదువుతారు. దుఃఖపడవద్దని ఆయన అనలేదు, నిరీక్షణ లేనట్టుగా దుఃఖపడవద్దన్నాడు. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు సమాధి దగ్గరికి చేరకముందే కన్నీళ్లు విడిచాడు. మొన్నే స్వస్థత పొందినవాళ్లతో సాక్ష్యం చెప్పించడం కూడా ఈ ఆరాధనలో వద్దు. అదే జబ్బుతో భర్త పోయినామె నాలుగో వరసలో కూర్చుని ఉంటుంది. “మరి నా ప్రార్థన?” అన్న ప్రశ్నతో ఆమె ఇంటికి వెళుతుంది.

ఏర్పాట్లలో చిన్నవే మనిషిని నిలబెడతాయి. కుర్చీలు విడివిడిగా, వెనక వరసలు ఖాళీగా, తలుపుకు దారి అడ్డులేకుండా ఉండాలి. టిష్యూ పెట్టెలు వరసల చివర ముందే పెట్టాలి, ఏడుస్తున్నవాళ్లకు తెచ్చి అందించకూడదు. అందిస్తే ‘ఇక చాలు, తుడుచుకో’ అని చెప్పినట్టు తోస్తుంది. క్రమపత్రం పద్దెనిమిది పాయింట్ల అక్షరాలతో అచ్చువేయాలి, మసక వెలుతురులో పెద్దవాళ్లు పన్నెండు పాయింట్లు చదవలేరు. ఒకరినొకరు పలకరించుకునే సమాధాన వందనం తీసేయడం మంచిది, అందరి చేతులూ పట్టుకునే ఓపిక ఆ రోజు ఉండదు. అభిషేక ప్రార్థన పక్కన ఒక మూలన ఉండాలి, ముందుకొచ్చినవాళ్లను కూడా “భుజం మీద చెయ్యి వేయచ్చా?” అని అడగాలి. తెర మీద ఫొటోల ప్రదర్శన పెట్టకపోవడమే నయం: ఒక ఇంటి ఫొటో మరిచిపోతే ఆ ఇంటికి జరిగే గాయం, పెట్టిన ఫొటోలన్నిటి వల్ల కలిగే మేలుకన్నా పెద్దది. ఆన్‌లైన్ ప్రసారం చేసేట్టయితే కెమెరా బల్లవైపే ఉండాలి, జనంవైపు ఎప్పుడూ తిప్పకూడదు.

చేతి కొవ్వొత్తుల విషయంలో మనవాళ్లు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. వెలుగుతున్నదాన్ని నిలువుగా పట్టుకుని, వెలిగించాల్సినదాన్నే దానివైపు వంచాలి, తిరగేసి చేస్తే కరిగిన మైనం చేతి మీద పడుతుంది. మైనం కారకుండా కాగితపు చక్రం తొడిగి ఉందో లేదో చూసుకోండి. చీర పల్లూ, చున్నీ ముందే పిన్ను పెట్టి బిగించుకోండి, సింథటిక్ గుడ్డ నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. అద్దెకు తీసుకున్న హాల్లో అయితే పొగ అలారం ఉంటుంది, అలాంటిచోట బ్యాటరీ కొవ్వొత్తులు వాడటంలో తప్పు లేదు. ఇసుక పోసిన పళ్లెంలో గుచ్చే సన్నని కొవ్వొత్తులు అన్నిటికన్నా క్షేమం.

విదేశంలో ఉన్న తెలుగువాళ్ల దుఃఖంలో ఇంకో పొర ఉంటుంది. వీసా స్టాంపింగ్ దొరక్కనో, టికెట్టు దొరికేసరికి ఆలస్యమయ్యో అమ్మానాన్నల భూస్థాపనను ఫోన్‌లో వీడియోకాల్‌లో చూసినవాళ్లున్నారు. మట్టి వేయలేదు, ఆదరణ కూడికలో కూర్చోలేదు, ఊరంతా వచ్చి పలకరించిన ఆ మూడు రోజులూ వాళ్లకు లేవు. అన్యుల దేశంలో యెహోవా కీర్తనలు ఎట్లా పాడుదుమన్న 137వ కీర్తన ప్రశ్న వాళ్లదే. లాంగెస్ట్ నైట్ ఆరాధనలో పేర్ల ప్రార్థన వీళ్లకు చాలా పెద్ద ఊరట, పేరు బిగ్గరగా పలకడంతో ఆ మరణానికి ఒక సంఘం సాక్షిగా నిలుస్తుంది. పేర్లు ముందే చీటీ మీద రాసిచ్చేచోట, ఇంటిపేరుతో సహా మూడు నాలుగు మాటల పూర్తి పేరు ఇస్తే చదివే ఇంగ్లీషు పాస్టరు తడబడతారు, తడబడిన పేరు నొప్పి పెడుతుంది. పిలిచే పేరు ఒక్కటే, పలికే తీరు విడగొట్టి ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి, ఆరాధనకు పది నిమిషాల ముందు వెళ్లి ఒకసారి చదివి వినిపించండి. సంతోషంగా నేర్చుకుంటారు. కొన్నిచోట్ల ఎవరి పేరు వాళ్లే లేచి పలకచ్చు, అక్కడ ‘మా నాన్న’ అని తెలుగులో అన్నా చాలు.

ప్రభువు బల్ల ఉంటే ముందే తెలుసుకోండి. మెథడిస్టులు ద్రాక్షరసం ఇస్తారు, ఆంగ్లికన్, ఎపిస్కోపల్ చర్చిల్లో ద్రాక్షమద్యం. సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) ఆంగ్లికన్ కమ్యూనియన్‌లో, అంటే ప్రపంచ ఆంగ్లికన్ చర్చిల కూటమిలో భాగం కాబట్టి సీఎస్ఐవాళ్లకు ఆ బల్లల దగ్గర సంకోచం అక్కర్లేదు. తీసుకోవడం ఇష్టం లేకపోతే రెండు చేతులూ ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని ముందుకెళితే ఆశీర్వాదం మాత్రమే ఇస్తారు. అసలు లేవకుండా కూర్చున్నా ఎవరూ ఏమీ అనుకోరు.

ఇలాంటివే మరికొన్ని సేవలున్నాయి, ఏది ఎవరికి అన్నది చూద్దాం. అమెరికా చర్చిల్లో గ్రీఫ్‌షేర్ సంస్థ ‘సర్వైవింగ్ ద హాలిడేస్’ పేరుతో పండుగలకు ముందు ఒకే ఒక్క కూటం పెడుతుంది. వీడియో చూపిస్తారు, చిన్న గుంపుగా మాట్లాడుకుంటారు, ఒక చిన్న పుస్తకం ఇస్తారు. ఎవరింటికి వెళ్లాలి, ఎవరికి కాదని చెప్పాలి, ఖాళీ కుర్చీని ఏం చేయాలి వంటివాటికి ఒక పథకం వేసుకోవాలనుకునేవాళ్లకు లాంగెస్ట్ నైట్‌కన్నా అదే ఎక్కువ పనికొస్తుంది. మాట్లాడటం ఇష్టం లేనివాళ్లకు, మరణం కాని నష్టంతో వచ్చినవాళ్లకు అది సరిపోదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులకు కంపాషనేట్ ఫ్రెండ్స్ సంస్థ 1997 నుంచి జరుపుతున్న ప్రపంచ దీపాల దినం ఉంది. డిసెంబరు రెండో ఆదివారం ఎక్కడివాళ్లు అక్కడ సాయంత్రం ఏడింటికి కొవ్వొత్తి వెలిగిస్తారు, అది మతంతో ముడిపడింది కాదు. బ్రిటన్‌లో చివరి దశ రోగులను చూసుకునే చాలా హాస్పిస్‌లు ‘లైట్ అప్ ఎ లైఫ్’ పేరుతో జ్ఞాపక కూటాలు పెడతాయి, మనిషి అదే హాస్పిస్‌లో పోయి ఉంటే అక్కడి నర్సులు కూడా కనబడతారు, అది వేరే రకం ఓదార్పు. వాక్యం, ప్రార్థన, మౌనం మూడూ కావాలంటే మాత్రం లాంగెస్ట్ నైట్‌కే వెళ్లండి.

అందరికీ సరిపడేదని అనను. మనిషి పోయి వారం పది రోజులే అయినవాళ్లకు చీకట్లో గంటసేపు కూర్చోవడం మోయలేనంత కావచ్చు, వాళ్లకు ఇంటికొచ్చి అన్నం పెట్టే మనుషులు ముందు కావాలి. చిన్నపిల్లలకు మౌనం కష్టం, చర్చిలో పిల్లల గది ఉందో లేదో ఫోన్ చేసి అడగండి. ఒంటరిగా వెళ్లకండి, వెళ్లినా తిరుగు ప్రయాణానికి ఎవరితోనైనా మాట్లాడుకుని పెట్టుకోండి. ఆరాధన అయ్యాక టీ ఇచ్చేచోట, టీ గదిలోంచి కాకుండా బయటికి వెళ్లే మరో తలుపు ఎక్కడుందో ముందే చూసుకుంటే నిశ్చింతగా ఉంటుంది. ఫోన్‌లోనే పాస్టరును మూడు విషయాలు అడగండి: మౌనం ఎంతసేపు, పేర్లు చదువుతారా, మధ్యలో లేచి వెళ్లచ్చా. ఆ జవాబుల్లోనే ఆరాధన ఎలా ఉండబోతోందో సగం అర్థమవుతుంది.

ఆంధ్ర, తెలంగాణ సంఘాల్లో దీన్ని పెట్టడానికి కొత్తగా ఏదీ దిగుమతి చేసుకోనక్కర్లేదు. ఆదరణ కూడిక మనకు బాగా తెలిసినదే, సమాధుల దగ్గర కొవ్వొత్తులు పెట్టడం తెలుసు, కీర్తనల పుస్తకంలో దుఃఖానికీ మరణానికీ తగ్గ పాటలున్నాయి. లేనిదల్లా డిసెంబరులో దానికో తేదీ. పండుగకు ముందే జరిపే సెమీ క్రిస్మస్‌లు, క్యారల్స్ రాత్రులు, సండే స్కూలు నాటికల రిహార్సళ్లు నెలంతా నిండిపోతాయి కాబట్టి 18 నుంచి 21 లోపు ఒక వారపు రోజు సాయంత్రం ఆరున్నరను నవంబరులోనే ఖాయం చేసుకోవాలి. మైకు అక్కర్లేదు, వాడినా ఎకో తీసేయాలి. ఆ ఏడాది సంఘంలో పోయినవారి జాబితా భూస్థాపన రిజిస్టరు నుంచి తీసి, ప్రతి ఇంటికీ వెళ్లి పేరు చదవచ్చా అని అడగాలి. ఆత్మహత్య జరిగిన ఇల్లు, కులాంతర పెళ్లి వల్ల దూరమైన బిడ్డ ఉన్న ఇల్లు, పిల్లలు లేని దంపతులు కూడా గుర్తుండాలి, వాళ్ల కోసం పేరు పెట్టకుండా ఒక ప్రార్థన రాయాలి. విందు ఇంటికి పోవడంకన్నా ప్రలాపించేవారి ఇంటికి పోవడం మేలని ప్రసంగి చెప్పాడు. క్యారల్స్ బృందం కూడా దుఃఖంలో ఉన్న ఇంటిని దాటేసి పోకుండా, డ్రమ్ములు వీధి మొదట్లోనే ఆపి, ముందే అడిగి, ఒక్క నెమ్మది కీర్తన పాడి ప్రార్థన చేసి వెళ్లచ్చు. అందుకు కావలసింది ముందురోజు ఒక ఫోన్ కాల్.

దగ్గర్లో ఆరాధనే లేకపోతే ఇంట్లో ఇరవై నిమిషాల్లో చేసుకోవచ్చు. టీవీ, ఫోన్లు ఆపేసి ఒక కొవ్వొత్తి వెలిగించండి. ఒకరు పదమూడో కీర్తన చదవాలి, నెమ్మదిగా, రెండుసార్లు. తర్వాత ఒక్కొక్కరూ పోయినవారి పేరు చెప్పి, ఈ నెలలో వాళ్లు చేసే పని ఒకటి చెప్పండి: రోజ్‌కుకీలు వండటమో, స్టార్‌కు బల్బు బిగించడమో. గడియారం చూసి రెండు నిమిషాలు మౌనం. మత్తయి 11:28 నుంచి 30 వరకు. వాళ్లకు ఇష్టమైన కీర్తనలో ఒక్క చరణం, పాడలేకపోతే చదవండి. పరలోక ప్రార్థనతో ముగించండి. మధ్యలో ఎవరైనా లేచి వెళితే ఆపకండి, వెనక్కి పిలవకండి. 24వ తేదీ రాత్రి హడావిడిలో దీన్ని ఇరికించకుండా 20, 21 తేదీల్లోనే చేసుకుంటే పండుగ రోజు కొంచెం తేలికగా గడుస్తుంది. పండుగ ఆరాధనకు వెళ్లాలనిపిస్తే తెల్లవారుజామున జరిగే దానికి వెళ్లి, పక్క ద్వారం దగ్గర కూర్చుని, శుభాకాంక్షల వరస మొదలవకముందే వచ్చేయచ్చు. వెళ్లలేకపోయినా ఆ ఏడు క్రీస్తు జననం మీకు కాకుండా పోదు.

ఒక్క ఆరాధన చికిత్స కాదు. వారాల తరబడి నిద్ర పట్టకపోతే, తిండి సహించకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లండి, అది విశ్వాసంలో లోటు కాదు. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఆరాధన తేదీ దాకా ఆగకుండా అప్పుడే ఫోన్ చేయండి. భారతదేశంలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలీ మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు. అమెరికా, కెనడాల్లో 988, బ్రిటన్‌లో సమారిటన్స్ 116 123. పండుగ రోజున, అర్ధరాత్రి కూడా ఈ నంబర్లన్నీ పనిచేస్తాయి.